బదులు గోలీ

64వ రోజు. గాలి బాగుంది.

ఇవాళ నా గోలీ మా అత్త మింగింది.

ఇది గాలి పుస్తకం. మూడో సొరంగం చివర మీటరు ముందు కూర్చుని, గంటకోసారి ముల్లు ఎక్కడుందో రాయడం నా ఉద్యోగం. ముల్లు ఎర్రగీత దాటితే గంట కొట్టాలి, లోపల తవ్వేవాళ్ళు బయటికి పరుగెత్తాలి. ముందు పేజీలు లెక్కలకి. వెనక పేజీలు ఇన్నేళ్ళలో ఎవరూ తిప్పిన పాపాన పోలేదు కాబట్టి అవి నావి.

మూడేళ్ళుగా నేను తెల్ల గోలీ మింగుతున్నాను. దానికి ముందు ఇరవై రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. తల దువ్వుకోలేదు. మా ఆయన రాజలింగు అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు మింగి మళ్ళీ గోడకేసి తిరిగేదాన్ని. డాక్టర్ నుస్రత్ ఈ గోలీ రాసింది, రెండు నెలలు తిరిగేసరికి మనిషినయ్యాను. నిన్న ఆ డాక్టరమ్మే చెయ్యి పట్టి చూసి తొమ్మిది వారాలు నిండాయని చెప్పింది. సాయంత్రానికల్లా మా తలుపు మీద రూలు అంటించారు: కడుపుతో ఉన్న మనిషి మనసు మందు మింగరాదు.

నేను పుట్టకముందు ఒక ఏడు ఇద్దరు పిల్లలు నీలంగా పుట్టి పోయారట. గోలీల గదిలో చెమ్మ చేరి మందులన్నీ పాడయ్యాయని తర్వాత తేలింది. గదికి కొత్త తలుపు పెట్టారు. రూలు మాత్రం అలాగే ఉండిపోయింది.

అయితే మేమంతా నేల కింద బతికే ఈ బాయి పెద్దలు కఠినులు కారు, రోగిని మందు లేకుండా వదిలెయ్యరు. పూర్వం పాలు తాగే బిడ్డకు జ్వరమొస్తే తల్లే పథ్యం ఉండేది, తల్లే కషాయం తాగేది. పాల వెంట మందు బిడ్డకు చేరేది. మా వాళ్ళు ఆ ముక్క పట్టుకుని, అలాగైతే కోడలి మందు అత్త మింగితే కోడలికి ఎందుకు చేరదు అన్నారు. ఎలా చేరుతుందయ్యా అంటే, జోడు పట్టీలు ఉన్నాయిగా అన్నారు. తవ్వేవాళ్ళు ఇద్దరిద్దరుగా ముంజేతికి కట్టుకుని దిగుతారు, ఒకరి నాడి పడిపోతే రెండోవాళ్ళ చేతికి తెలుస్తుంది, ఆ పట్టీలే. నాడి సంగతి తెలిసినప్పుడు మందు గుణం మాత్రం పారదా అని ఎవరో అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు మిగతావాళ్ళందరూ తలూపారు.

పొద్దున గోలీల కిటికీ దగ్గర పర్శరాములు కాక మా ఇద్దరికీ పట్టీలు కట్టాడు. ఆయన మా ఇళ్ళ వరుసకి పెద్ద. ఎవరి మందు ఎవరు మింగారో చూసేదీ, ఇళ్ళ ముందు దీపాలు చూసేదీ ఆయనే.

“కొమురవ్వా, కోడలి పేరు జెప్పి మింగాలె. పేరు మరిస్తే గుణం చేరది,” అన్నాడు మా అత్తతో.

“నా స్వరూప కోసం,” అని అత్త కళ్ళు మూసుకుని మింగింది.

“నోరు తెరువు. నాలిక లేపు. ఆఁ, మంచిది.”

ఇంటికి వచ్చేదాకా ఓపిక పట్టలేక దారిలోనే అడిగింది, “ఏమన్న తెలుస్తుందా బిడ్డా?” అని. ఏమీ తెలియడం లేదని చెప్పాను. తన చేతి పట్టీని తనే రెండు మూడుసార్లు రుద్ది చూసుకుంది.

70వ రోజు. గాలి బాగుంది.

తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జర్రుమంటోంది. మీటరు పని లేని పూట పుట్టగొడుగుల తొట్లు కడుగుతూ కడుగుతూ ఊరికే ఏడ్చాను. నిన్న మెట్ల దగ్గర కళ్ళు తిరిగి కూర్చుండిపోతే, నీళ్ళ బిందెతో వస్తున్న ఎవరో ముసలమ్మ “కడుపుతోని అట్లనే ఉంటది” అని చెప్పి పోయింది. అట్లా ఉండదని నాకు తెలుసు. ఇది వేవిళ్ళు కాదు.

డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

“ఒక్కసారి ఆపితే ఇట్లనే అయితది స్వరూపా.”

“మరి ఎందుకు ఆపిండ్రు?”

“నేను ఆపలే. రూలు ఆపింది.”

ఆమె దగ్గర పైలోకం పుస్తకాలున్నాయి, ఎండ ముదరకముందు, జనం ఇంకా నేల మీదే బతుకుతున్నప్పుడు అచ్చయినవి. ఒకటి తీసి, తెరవకుండా, అట్ట మీద చెయ్యి పెట్టి చెప్పింది. “మింగితే బిడ్డకు ఏం ముప్పు, మింగకపోతే తల్లికీ బిడ్డకూ ఏం ముప్పు, రెండూ పక్కపక్కన పెట్టి ఆమెతోనే మాట్లాడి తేల్చేటోళ్ళు. చానామంది మింగుకుంటనే కన్నరు. ఒక్కసారి ఆపొద్దని మాత్రం అన్ని పుస్తకాలల్ల ఉంది.”

“పెద్దలకు చెప్పరాదా డాక్టరమ్మా?”

“చెప్పిన. నాకంటె ముందున్న డాక్టరు గూడ చెప్పిండు. ఆయన ఇప్పుడు నీ పక్కన తొట్లు కడుగుతుండు.”

నిజమే, ఆ ముసలాయన డాక్టరని నాకిన్నాళ్ళూ తెలియదు. లేచి వచ్చేస్తుంటే డాక్టరమ్మ వెనక నుంచి పిలిచింది.

“మీ అత్తకు దవడ పండ్లు ఎన్నున్నయి?”

“ఎడమ దిక్కు మూడు లేవు.”

“మంచిది. నేనేం అడగలే, నువ్వేం చెప్పలే,” అని పుస్తకం బీరువాలో పెట్టేసింది.

73వ రోజు. గాలి బాగుంది.

అత్తను అడగడానికి రెండు రోజులు పట్టింది. ఆమె మంచి మనిషే కానీ ఉన్నట్టు ఉండదు. పొద్దున లేస్తుంది, పొయ్యి ముట్టిస్తుంది, మూలన కూర్చుంటుంది. నేను కాపురానికి వచ్చిన ఆరేళ్ళలో ఆమె గట్టిగా నవ్వగా వినలేదు, గట్టిగా తిట్టగా కూడా వినలేదు. అత్తంటే ఇంత మెత్తగా ఉంటుందా అని మొదట్లో మురిసిపోయాను.

అంతా విని, “పెద్దలకు తెలిస్తే?” అంది.

“తెలిస్తే ఇంటికి గోలి బంద్ జేస్తరు. తెల్వకుంట తేవాలె అత్తమ్మా.”

“సరే తియ్” అంది అత్త. ఇవాళ పొద్దున నా పేరు చెప్పింది, నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది, నోరు తెరిచింది, నాలుక లేపింది. పర్శరాములు కాక మంచిదన్నాడు. ఇంటికొచ్చి దవడ సందులోంచి గోలీ తీసి, కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది. అంచులు కాస్త కరిగాయి. అంత రుచైన వస్తువు నేనెప్పుడూ మింగలేదు.

98వ రోజు. గాలి బాగుంది.

నేను బాగున్నాను. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, లోపలున్నది ఆడపిల్లా మగపిల్లా అని రాజలింగుతో పందెం కూడా కట్టాను. బాగాలేనిది దీపం.

ప్రతి గర్భిణి ఇంటి ముందూ ఒక దీపం పెడతారు. అది రెండు పట్టీల సగటు చూపిస్తుంది. కోడలు, బదులు మింగే మనిషి, ఇద్దరి మనసూ బాగుంటే ఆకుపచ్చ, అటూ ఇటూగా ఉంటే పసుపు, బాగాలేకపోతే ఎరుపు. మూడు రోజులు వరసగా ఎర్రగా వెలిగితే గర్భిణిని కాపు గదిలో పెడతారు. కాన్పు దాకా అక్కడే. బయట గడియ, లోపల ఇద్దరు కాపలా ఆడవాళ్ళు, మాట్లాడకూడదు. పోయినేడు ఒకామెను అలా పెట్టారు. బిడ్డ బతికింది, ఆమె ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడదు.

నేను ఇంత బాగుంటే దీపం ఎందుకు పసుపు దాటి నారింజలోకి దిగుతోందో అర్థం కాలేదు. ఇవాళ స్నానానికి పట్టీ తీసి గూట్లో పెట్టాను. దీపంలో అత్త ఒక్కతే మిగిలింది. తల తుడుచుకుంటూ బయటికొచ్చి చూస్తే దీపం రక్తం రంగులో ఉంది.

తలుపు వేసి అడిగాను. “అత్తమ్మా, నీకు ఎన్నాళ్ళ సంది ఇట్లుంది?”

“ఎట్లుంది?” అంది.

“పొద్దుగాల లేవబుద్ధి గాకపోవుడు. ఏది తిన్నా మన్ను తిన్నట్టుండుడు.”

“అందరికీ గట్లనే ఉంటది గద బిడ్డా,” అంది. వెక్కిరింతగా కాదు, నిజంగానే అనుకుంది. మామగారు పైకప్పు కూలి పోయిన ఏడు మొదలైందట. అప్పటికి రాజలింగు పాలు తాగుతున్నాడు. ముప్పై ఏళ్ళు. తవ్వేవాళ్ళకీ గర్భిణులకీ తప్ప మా బాయిలో ఎవరికీ పట్టీ కట్టరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆమెకు కూడా తెలియలేదు.

డాక్టరమ్మని అడిగితే ఇంటికి ఒక్క పేరే అంది. ఇల్లంటే ఎంతమంది ఉన్నా ఒక్క గోలీయే.

119వ రోజు. గాలి పర్వాలేదు.

అడకత్తెరతో గోలీని సగం చేసుకుంటున్నాం, ఇరవై రోజులుగా. పోకచెక్క కత్తిరించే చెయ్యి కాబట్టి అత్త సమంగా కోస్తుంది, రేగిన పిండి కూడా వేలితో అద్ది నాకే ఇస్తుంది. దీపం పసుపులో నిలబడింది, కాపు గది భయం తప్పింది. సగం గోలీ ఇద్దరిలో ఎవరికీ చాలడం లేదు. నేను మళ్ళీ చిన్నదానికీ పెద్దదానికీ ఏడుస్తున్నాను. అత్త నన్ను చూసి భయపడుతోంది.

నిన్న పర్శరాములు కాక వచ్చాడు. “ఐదో నెల రాబట్టె, ఇంకా పసుపేనా? కొమురవ్వా, మనసు పెట్టి మింగుతలేవు నువ్వు,” అని గద్దించి పోయాడు.

అత్త రాత్రంతా ఆలోచించినట్టుంది. పొద్దున అంది, “బిడ్డా, పది పదిహేను దినాలు పూరా నేనే మింగుత. దీపం ఆకుపచ్చగైనంక పూరా నీకే ఇస్త. గీ పసుపుల ఎన్ని దినాలు బతుకుతం?”

ఆ లెక్క నాకు కూడా బాగానే అనిపించింది. సరేనన్నాను.

147వ రోజు. గాలి బాగుంది.

దీపం ఆకుపచ్చ. వరుసలో అంత నిండుగా వెలిగే దీపం ఇంకోటి లేదు. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు ఆగి నన్ను చూసి “ఎంత అదృష్టమే” అంటున్నారు. స్నానానికి తీసిన నా పట్టీ మళ్ళీ కట్టుకోవడం మానేశాను, దీపంలో అత్త ఒక్కతే ఉంది. నేను నాలుగు రోజులుగా తల దువ్వుకోలేదు. దీపం చూసినవాళ్ళు మనిషిని ఎందుకు చూస్తారు!

అత్త పాడుతోంది. బతుకమ్మ పాటలు ఆమెకు ఇన్ని వచ్చని రాజలింగుకే తెలియదట. పుట్టగొడుగుల తొక్కు పెట్టింది, పక్క ఇళ్ళకు పంచింది. మామగారి సంగతులు చెబుతోంది, ఆయన పెళ్ళిలో పప్పు మీద జారి పడ్డాడని చెప్పి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. రాజలింగు కొడుకై పుట్టినందుకు మొదటిసారి సంతోషపడ్డవాడిలా తల్లి పక్కన చతికిలబడి వింటున్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకుని విన్నాను.

ఆమె మీద నాకు జాలి ఉంది. ఆ పాట మధ్యలో లేచి ఆమె నోట్లో వేలు పెట్టి గోలీ లాక్కోవాలని కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి, రెండోది పెద్దగా ఉంది.

164వ రోజు. గాలి బాగుంది.

అడిగాను. ఇది మూడోసారి. మొదటిసారి “ఇంకో రెండు దినాలు” అంది. రెండోసారి విననట్టు బిందె తీసుకుని పోయింది. ఇవాళ తలుపుకి అడ్డంగా నిలబడి అడిగాను.

“దీపం ఆకుపచ్చగై నెల అయితుంది. ఇస్తనంటివి గద అత్తమ్మా.”

నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చేతులు వెచ్చగా ఉన్నాయి. “ముప్పై ఏండ్ల సంది నాకు ఆకలంటె ఏందో తెల్వది స్వరూపా. ఇప్పుడు పొద్దుగాల లేస్తనే చాయ్ తాగాల్నని కొడుతుంది పాణం. నువ్వు చిన్నదానివి. నాలుగు నెల్లల్ల కాన్పయితది, అప్పుడు మల్ల నీ గోలి నీకిస్తరు. నాకు ఎవలిస్తరు? నాలుగు నెల్లలు గుంజుకోకు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత.”

నిజంగానే వంగబోయింది. కడుపుతో ఉన్న కోడలి కాళ్ళు అత్త మొక్కితే ఎవరికి మంచిది? వెనక్కి జరిగాను. నాలుగు నెలలు నేను ఉంటానో లేదో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

172వ రోజు. గాలి చెడింది. రెండో సొరంగం వాళ్ళు గంట కొట్టారు.

ముందు పేజీలో నేను కొట్టానని రాశాను. ఇక్కడ నిజం రాస్తాను.

ముల్లు పదిన్నరకి కదిలింది. చూశాను. ఎర్రగీత మీదికి వచ్చింది, చూశాను. దాటింది. గంట తాడు నాకు జానెడు దూరంలో ఉంది. లోపల పద్నాలుగు మంది ఉన్నారు, అందులో మా ఆయన ఒకడు. అది నాకు తెలుసు, తెలిసీ అదేదో పక్క ఊరి సంగతిలా ఉంది. చావాలని లేదు, ఎవరినీ చంపాలని లేదు. చెయ్యి ఎత్తడానికి ఒక కారణం కావాలి, అది దొరకలేదు. నాలుగు నిమిషాలు. కడుపులో బిడ్డ తంతూనే ఉంది, దాని తన్ను కూడా ఎవరిదో అనిపించింది. అప్పుడు రెండో సొరంగంలో గంట మోగింది. అందరూ దగ్గుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంటికి వచ్చాక రాజలింగు మొహం కడుక్కోకుండానే అడిగాడు.

“మన గంట మోగలే గదనే?”

“మోగలే.”

“నిద్రవోయినవా?”

“లే. చూస్తనే ఉన్న.”

గుమ్మంలోకి పోయి దీపం చూసి వచ్చాడు. తర్వాత “అవ్వ మింగుతుంది గద, దీపం ఆకుపచ్చగనే ఉంది గద” అన్నాడు, తనకు తను చెప్పుకున్నట్టు.

“ఆ దీపం మీ అవ్వది. దాంట్ల నేను లేను.”

మొత్తం చెప్పాను. దవడ సందు, అడకత్తెర, ముప్పై ఏళ్ళు, అన్నీ. చివరికి అన్నాడు, “పేరు నా మీదికి మారిస్తె నేను తెచ్చిస్త. నాకూ ఒక పన్ను లేదు.” మళ్ళీ తనే, “మరి అవ్వ?” అన్నాడు.

“మీ అవ్వ ముప్పై ఏండ్లు గోలి లేకుంటనే నడిచింది గద,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. మాట పూర్తయ్యేలోపే అది ఎంత పాపిష్టి మాటో నాకు తెలుసు.

175వ రోజు. గాలి బాగుంది.

పర్శరాములు కాకతో చెప్పాను. అత్త నా పేరు చెప్పకుండా మింగుతోందని చెప్పాను.

అది అబద్ధం కాదు. ఈ మధ్య ఆమె కిటికీ దగ్గరికి పాడుకుంటూ పోతుంది, పక్కవాళ్ళతో ముచ్చట పెడుతూ గోలీ నోట్లో వేసుకుంటుంది. పేరెక్కడ గుర్తుంటుంది? చెప్పే ముందు నేను రెండు రోజులు వెనకాల నిలబడి చూసుకున్నాను కూడా.

వరుసలో అందరి ముందూ ఆమెను నిలబెట్టి అడిగాడు. “కొమురవ్వా, నిజం జెప్పు. కోడలి పేరు తలుసుకుంటున్నవా?”

ఆమె కాదంటే ఆ మాట నిలిచేదే, ఎందుకంటే దీపం ఆమె పక్షాన ఉంది. కానీ అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. దవడలో గోలీ దాచినన్నాళ్ళూ కూడా నోటితో అబద్ధం ఆడలేదు. “రెండు మూడు దినాలు మర్శిన కాక,” అంది సిగ్గుపడుతూ, “సంతోషంల.”

ఆమె పట్టీ విప్పి రాజలింగుకి కట్టారు. విప్పుతుంటే అత్త నా వైపు చూసింది. నేనే చెప్పానని ఆమెకు తట్టలేదు. “నీ పేరు మర్శినందుకు కోపం జేయకు బిడ్డా” అంది.

184వ రోజు. గాలి బాగుంది.

రాజలింగు తెచ్చిస్తున్నాడు, నేను మింగుతున్నాను. డాక్టరమ్మ మూడు వారాలు ఓపిక పట్టమంది. అప్పుడే నిద్ర కాస్త పడుతోంది.

అత్తకు కళ్ళు తిరుగుతున్నాయి. తల తిప్పితే లోపల జర్రుమంటోందట, అదేంటో తెలియక చెవిలో నూనె పోసుకుంది. ఆమెకు ఏమవుతోందో ఈ బాయిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక్కసారిగా ఆపకూడదు, సగం, ఆ తర్వాత పావు, అలా దించుకుంటూ రావాలి. ఆ సగం నా సగం అవుతుంది. అందుకని చెప్పలేదు. డాక్టరమ్మ కూడా ఎదురుపడి ఏదో అడగబోయి నా మొహం చూసి పోయింది.

పాట మొదటి రోజునే ఆగింది. తొక్కు జాడీ మూత తీయలేదు. ఇప్పుడు పొద్దున్నే పొయ్యి ముట్టించి మూలన కూర్చోదు, రాజలింగు కిటికీ దగ్గర్నుంచి వచ్చేదాకా గుమ్మంలో నిలబడుతుంది. అతను లోపలికి వచ్చి గోలీ నా చేతిలో పెట్టగానే అడుగుతుంది, “ఇయ్యాల నాకు లేదా?” అని.

రాజలింగు నన్ను చూస్తాడు. నేను అప్పటికే మింగేసి ఉంటాను.

271వ రోజు. గాలి ఎవరు రాశారో తెలియదు. నేను పురిట్లో ఉన్నాను.

ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. మొదటి రెండు రోజులు చేతులు సన్నగా ఒణికాయి, పాలు సరిగా పట్టలేదు. నా పాణం పైకి పోయింది. డాక్టరమ్మ బిడ్డను తన గదిలోనే పెట్టుకుని చూసింది. “కొందరికి ఇట్లయితది, తగ్గుతదని పుస్తకాలల్ల ఉంది” అని నా చెవిలో చెప్పింది, బయటివాళ్ళకు మాత్రం చలిగాలి తగిలిందని చెప్పింది. మూడో రోజుకి ఒణుకు తగ్గింది. ఇప్పుడు జలగలా పట్టుకుని తాగుతోంది.

అత్త వచ్చి చూసింది. ఎత్తుకోమని ఇస్తే ఎత్తుకుంది, ఎంతసేపు ఎత్తుకోవాలో తెలియనట్టు నిలబడింది, తిరిగి ఇచ్చేసింది. దీపం ముందు పర్శరాములు కాక అందరికీ మిఠాయి పంచాడు. పురుడైన మనిషిని కాబట్టి రేపటి నుంచి గోలీ నా పేరు మీదే, నా చేతికే ఇస్తారు.

బిడ్డ పుట్టిన 21వ రోజు. గాలి బాగుంది.

పొద్దున పేరు పెట్టాం. మధ్యాహ్నం పెద్ద గదిలో సభ పెట్టి నన్ను పిలిచారు. నలభై ఇళ్ళ వాళ్ళూ వచ్చారు. ఐదో వరుసలో రజిత అనే పిల్లకు రెండో నెల. ఆమెదీ తెల్ల గోలీయే, మొన్ననే ఆపారు. ముందు వరసలో తల పట్టుకుని కూర్చుంది. ఎందుకు పట్టుకుందో నాకు చెప్పనక్కర్లేదు. భర్త నీళ్ళ పంపు దగ్గర పని చేస్తాడు, అత్త లేదు, తల్లి లేదు. బదులు మింగడానికి మనిషి కావాలి.

“స్వరూపా, నువ్వు జెప్పు,” అన్నాడు పర్శరాములు కాక. “తొమ్మిది నెలలు ఒక్క గోలి మింగకుంట పండంటి బిడ్డను గన్నవు. బదులు మందు పనిజేసిందా లేదా?”

చేయలేదని చెప్పొచ్చు. నేను మింగాను, బిడ్డ ఇదిగో, చూడండి అని చెప్పొచ్చు. చెబితే రూలు పోతుందేమో, రజిత గోలీ రజితకే ఇస్తారేమో. లేకపోతే మా ఇంటి గోలీ రేపే ఆగుతుంది, రాజలింగు తొట్లు కడుగుతాడు, నేను గోడవైపు తిరుగుతాను, ఈసారి ఒళ్ళో బిడ్డతో. డాక్టరమ్మ వెనక వరసలో నిలబడి నా వైపే చూస్తోంది.

“చేసింది,” అన్నాను.

చప్పట్లు కొట్టారు. చప్పట్లలోనే మా అత్త లేచింది. ఆరేళ్ళలో సభలో ఆమె నోరు విప్పడం నేను చూడలేదు.

“ఆ పిల్లకు అత్త లేదు గద,” అంది. “నేను మింగుత. ఈసారి పేరు మరువ.”

పర్శరాములు కాక గడ్డం గోక్కున్నాడు. “ఒకసారి తప్పినవు కొమురవ్వా. నీ కోడలు ఒప్పుకుంటె చూస్తం. ఏమంటవ్ స్వరూపా?”

అత్త నన్ను చూసింది. గుమ్మంలో నిలబడి రోజూ చూసే చూపు కాదు. ఆకలి తెలిసిన మనిషి చూపు, నాలుగు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. ఆ చూపు వదలి రజిత వైపు చూడడం నావల్ల కాలేదు. మా ఇంట్లో ఇద్దరికీ సరిపోయే లెక్క అదొక్కటే అని కూడా అనుకున్నాను. అనుకోలేదని రాస్తే ఈ పేజీలు రాసి లాభం లేదు.

“మా అత్త మంచిది. ఆమెకే ఇయ్యుండ్రి,” అన్నాను.

సభ అయ్యాక రజిత నా దగ్గరికి వచ్చింది. పందొమ్మిదేళ్ళుంటాయి. నడుస్తూ గోడ పట్టుకుంటోంది. బిడ్డ కాలు మెల్లగా తాకి చూసి అడిగింది, “అక్కా, ఆమె మింగితే నాకు నిజంగ తగ్గుతదా?”

“తగ్గుతది,” అన్నాను. “నాకు తగ్గింది గద.”

ఆ పిల్ల నా చెయ్యి కళ్ళకద్దుకుంది. రేపటి నుంచి అత్తను కాస్త పొద్దున్నే పంపించమని అడిగి వెళ్ళింది.